ఎస్కిల్‌కు దక్కని ఫొటో

నార్వే ఉత్తరపు కొసన, ఫిన్‌మార్క్‌లోని ఆ చిన్న రేవులో రగ్నా అంటే ఫొటోల రగ్నానే. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ తీరాన్ని తప్ప మరోదాన్ని మనసుపెట్టి తీసి ఎరగదు. కొండకొమ్ము కింద, సముద్రంలో నడుం వంచి నిలబడ్డట్టుండే ముసలమ్మ రాయిని ఆమె తీసిన ఫొటో విమానాశ్రయం గోడకెక్కింది. ఆ తర్వాత ఆ రాయిని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి వాళ్ళో ఊరికి రావడం మొదలుపెట్టారు. దారి అడిగితే రగ్నా మురిసిపోతూ చెప్పేది.

కిందటి శరదృతువులో బెర్గెన్ నుంచి వచ్చిన ఎస్కిల్ అనే యువకుడు అదే ఫొటో కోసం వెళ్ళి, తడి నాచు మీద కాలు జారి, కొమ్ము మీంచి సముద్రంలో పడిపోయాడు. శవాన్ని పడవలో ఒడ్డుకు చేర్చింది రగ్నా అన్న అస్లక్. ఆనాటి నుంచి ఆమె కెమెరా ముట్టలేదు.

మంచు కరిగాక ఎస్కిల్ తల్లి తోరున్ ఫోన్ చేసింది. ఆ ఫొటో తీసిన మనిషే తనను అక్కడికి తీసుకెళ్ళాలంది.

"వెళ్ళకు. నీ మొహాన ఉమ్మేయడానికే వస్తోంది," అన్నాడు అస్లక్, చేప పొట్ట చీలుస్తూ.

"ఉమ్మనీలే అన్నయ్యా."

"అయితే తుడుచుకోడానికి నా చేతిగుడ్డ పట్టుకుపో. కాస్త చేపకంపు కొడుతుంది."

అన్నాడేగాని అతనికీ నవ్వు రాలేదు.

బస్సు దిగిన తోరున్ మెడలో కొడుకు కెమెరా ఉంది. రగ్నా కాఫీ పోసిస్తే వద్దంది. ఇద్దరూ కొండెక్కారు. సగం దారిలోనే పొగమంచు కమ్ముకొచ్చింది. కొమ్ము చేరేసరికి ఎదురుగా ఏమీ కనిపించడం లేదు. అలల చప్పుడు మాత్రం కింద నుంచి వస్తోంది.

"ఇక్కడేనా?"

"ఇక్కడే. ఇంకా ముందుకు వెళ్ళకండి."

"ఆ మాట వాడికి చెప్పినవాళ్ళు లేరు."



తోరున్ కెమెరా తెరిచి చూపించింది. "ఇది స్టాండు మీదే ఉండిపోయిందట. వాడు తీసిన చివరి ఫొటో ఇదే."

తెరంతా తెలుపే. పొగమంచులో రాయి జాడ కనబడుతుందేమోనని కుర్రాడు కెమెరా వదిలి నాలుగడుగులు ముందుకేసుంటాడు. ఇద్దరూ బండ మీద కూలబడ్డారు.

"పొయ్యి మీద వాడు పెట్టింది ఏదీ మాడకుండా దిగలేదు. కిటికీలోంచి ఆకాశం చూస్తూ నిలబడేవాడు," అంది తోరున్, తనలో తను చెప్పుకుంటున్నట్టు.

చాలాసేపటికి గాలి మళ్ళింది. పొగమంచు చీలి, ముసలమ్మ రాయి తడితడిగా బయటపడింది. దాని చుట్టూ సముద్రం వెండిలా పరుచుకుంది.

తోరున్ పళ్ళు బిగబట్టి చూసింది. "దీనికోసమా చచ్చావు అని వాణ్ణి తిట్టుకుందామని వచ్చాను. ఇంత బాగుంటే ఎలా తిట్టను?"

కెమెరా తీసి రగ్నా చేతిలో పెట్టింది. "వాడికి దక్కని ఫొటో తీసిపెట్టండి."

"నావల్ల కాదండీ."

"విమానాశ్రయం గోడకి తీశావుగా. నా కొడుక్కి తీయలేవా?"

రగ్నా కెమెరా కంటికి ఆనించింది. కన్నీళ్ళలో రాయి రెండుగా కనబడింది. తుడుచుకుని మీట నొక్కింది.

తోరున్ ఆ ఫొటో చూసింది. కెమెరాను గుండెకదుముకుని, పసిబిడ్డను పోగొట్టుకున్నదానిలా గొంతెత్తి ఏడ్చింది. తాకే ధైర్యం లేక రగ్నా పక్కనే బిగుసుకుని కూర్చుంది.

"నిన్ను క్షమించడం నాకు చేతకాదు," అంది తోరున్ చివరికి. "కానీ ఒక్కదాన్నీ ఈ కొండ దిగలేను. చెయ్యివ్వు."

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దిగారు. బస్సెక్కేటప్పుడు తోరున్ వెనక్కి తిరిగి చూడలేదు.

రగ్నా ఇంటికి పోలేక రేవుకు వెళ్ళి, అస్లక్ పక్కన పెట్టె మీద కూర్చుంది. అతను కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. అంతవరకూ పంటి బిగువున ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.