పండుగప్ప పులుసులో గరిటె

నేను ఒక ఇత్తడి గరిటెను. ముందు పుట్టుక చెప్పుకుని, ఆ తర్వాత కష్టాల్లోకి దిగడం మావాళ్ల మర్యాద. కానీ ఆ ఉదయం నిజాంపట్నంలో మర్యాదకు వేళ లేదు. నేను పండుగప్ప చేప పులుసులో పీకల దాకా మునిగి ఉన్నాను. నా చుట్టూ జనం వాంతులు చేసుకుంటున్నారు.

ముందు కెమెరామన్ పరిగెత్తాడు. వెనకే లైట్లు పట్టే ఇద్దరూ పరిగెత్తారు. గంటలోపల ప్రత్యక్ష ప్రసారం ఉందని, దానికి ముందు రుచి చూద్దామని, చద్దన్నంలో నిన్నటి పులుసు కలుపుకుని తలా నాలుగు ముద్దలు తిన్న పాపానికి ఇప్పుడు ముగ్గురూ హార్బరు గోడ పట్టుకుని వంగిపోయారు.

"నిలవ చేప!" అన్నారు జనంలో ఎవరో.

ఆ మాట విని నాంచారమ్మ చేతిలో పళ్లెం నేలకేసి కొట్టింది. హార్బరు ఎదురుగా రేకుల షెడ్డులో ఉన్న భోజన హోటలు ఆవిడదే. వలలు లాగేవాళ్లు, ఐసు లారీల డ్రైవర్లు ఆవిడ చేతి పులుసు కోసం బస్తాల మీద కూర్చుని వంతు కోసం ఎదురు చూస్తారు. ఆవిడకు ఆస్తంటూ ఉంటే ఆ పేరొక్కటే.

"నా చేప నిన్న మాపటేళ దాకా ఈదింది. దాన్నేమీ అనమాకండి. అనేదుంటే నన్నే అనండి!"

"నిన్నే అంటన్నాం మరి," అన్నాడు వెనకనుంచి ఒకడు.

చేప అమ్మిన పడవ యజమాని వీరాస్వామి గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు. "నా పడవ మీద ఒట్టు వదినా, వల్లోంచి తీసి నేరుగా నీ గుమ్మంలో దించా. చింతపండు ఎవరి కొట్లో కొన్నావో అది అడుగు. నన్ను రొంపిలోకి లాగమాక."

పులుసు దాక పక్కన ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతనూ ఒక ముద్ద తిన్నాడు, పక్కకు తిరిగి ఉమ్మేశాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని నాలుకతో పళ్లు తడుముకుంటున్నాడు. తెలుగు దేశమంతా అతన్ని చెఫ్ దివాకర్ అంటుంది. నాకు మాత్రం పాలకొల్లు దివాకరం.

నన్నడిగితే దోషి ఎవరో అప్పుడే చెప్పేదాన్ని. అడగలేదు. అడిగినా నాకున్నది ఒక కాడ, ఒక చిప్ప. నోరు పెట్టడం మరిచిపోయారు.

ఇక పుట్టుక సంగతి. నేను ఇత్తడి పనివాళ్ల ఊరు అజ్జరంలో పుట్టాను. అక్కడ వీధిలో అడుగు పెడితే సుత్తి చప్పుడు తప్ప మనిషి మాట వినిపించదు. కరిగించారు, పోశారు, కొట్టారు, సాగదీశారు. ఇంత బాధ పెట్టింది అన్నం వడ్డించడానికట. మనుషుల ప్రేమ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.

పెళ్లి వంటల తాతబ్బాయి నన్ను కొన్నాడు. ఉత్త కోపిష్టి. అయినా అతని కోపానికి ఒక పద్ధతి ఉండేది. సాంబారు చెడిందంటే వంటవాళ్ల మీద అరిచేవాడు కాదు. పందిట్లో ఉన్న పాత్రలన్నీ వరసగా బోర్లించి, ఒక్కొక్కదాని అడుగూ అంచూ గోరుతో గీకి చూసేవాడు. మనుషుల జోలికి ఆ తర్వాతే వెళ్లేవాడు. ఏటా శ్రావణ మాసం పెళ్లిళ్లకు ముందు మా అందరికీ కళాయి వేయించేవాడు. బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, లోపల తగరం పూస్తారు. పొగలోంచి బయటికొచ్చేసరికి బయట పచ్చగా, లోపల వెండిలా తెల్లగా కొత్త పెళ్లికూతురిలా ఉండేదాన్ని.

అతని దగ్గర పనికి చేరాడు దివాకరం. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఏదో ఒకటి వాసన చూస్తూ ఉండేవాడు. ఆకు, కట్టె, గోనెసంచి, ఏదైనా సరే. "ఒరే, పెళ్లికూతుర్ని కూడా వాసన చూస్తావేంట్రా?" అనేవాడు తాతబ్బాయి. కళ్లు కనిపించడం మానేసిన ఏడాది నన్ను తీసి అతని చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను గరిటెను కాబట్టి బతికిపోయాను.

హైదరాబాదులో పెద్ద హోటల్లో అతను చెఫ్ అయ్యాడు. అక్కడ అంతా స్టీలే. నన్ను గోడకు తగిలించారు. ఊరికే గోడ మీద ఉండి చూడటం వల్ల నాకు కొన్ని సంగతులు తెలిశాయి. డబ్బున్నవాళ్లు ఉప్పు తక్కువ తింటారు, ఫోటోలు ఎక్కువ తీస్తారు. దివాకరం ఆ వంటింట్లో అందరికంటే ముందు వచ్చి అందరికంటే వెనక వెళ్లేవాడు. అయినా ముఖంలో ఏదో వెలితి. ఒకరోజు భోజనానికొచ్చిన టీవీవాళ్లతో అన్నాడు: "బల్ల దగ్గర కూర్చుని తింటే సగమే తెలుస్తుందండీ. పొయ్యి దాకా వెళ్లాలి."

ఆ మాటే కార్యక్రమం పేరైంది. 'పొయ్యి దాకా'.

గోడ మీదనుంచి నన్ను దింపి సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. ఆ ప్రయాణాలు చెప్పాలంటే ఒక దాక చాలదు. ఆదిలాబాదు గూడేల్లో జొన్న గట్క తిప్పాను. అస్సాంలో వాన పడుతుంటే పడవ మీద చేప ఉడికించాను. ఒక విమానాశ్రయంలో నన్ను ఆయుధమని పట్టుకున్నారు. దివాకరం ఆ పోలీసును కూర్చోబెట్టి ఇంట్లో ఏం వండుకుంటారని అడిగాడు. వాళ్లమ్మ చేసే వంకాయ కూర గురించి చెబుతూ చెబుతూ ఆయన నన్ను తనే సంచిలో సర్ది ఇచ్చాడు.

దివాకరం నోరు ఊరుకునే రకం కాదు. 'అదిరింది' అన్న మాట అతని నోట రాదు. బాగుంటే మళ్లీ వడ్డించుకునేవాడు, అంతే. ఇదే అసలైన వంట అని ఎవరైనా అంటే, "పక్కింటావిడ కూడా అదే అంటుందండీ" అనేవాడు. చెడిన కూర మీద కొత్తిమీర చల్లి పంపే హోటళ్లంటే ఒళ్లు మంట. వండినవాళ్లు వచ్చి పక్కన కూర్చుంటేనే ముద్ద నోట్లో పెట్టేవాడు. ఒక జమీందారు గారింట్లో వంటామె వచ్చి కూర్చునేదాకా కెమెరా ఆపేశాడు. జమీందారు ముఖం చూడాలి! ఆ ఒక్క అలవాటు చూసే నేను అతనికి దాసోహమన్నాను. నా ముందు చాలామంది తిన్నారు. వండిన మనిషి ముఖం చూసి తిన్నవాళ్లు తక్కువ.

కాకపోతే టీవీ కూడా ఒక పొయ్యే. మెల్లగా ఉడికిస్తుంది. అంతకుముందు ఏటా దివాకరం తనే బొగ్గుల ముందు కూర్చుని నాకు కళాయి వేయించేవాడు. నిజాంపట్నం వచ్చిన ఏడాది విదేశాల షూటింగుల్లో కుదరలేదు. బయల్దేరే ముందు మేకప్ కుర్చీలో కూర్చుని, ముఖానికి పౌడరు వేయించుకుంటూ నన్ను తెరమీద చూశాడు.

"లోపలంతా తెల్లగా ఉందేంటి? పాత అల్యూమినియంలా కనిపిస్తోంది. తళతళలాడాలి. గట్టిగా తోమించండి."

ఇసుక కాగితంతో తోమారు. చింతపండు రాసి మళ్లీ తోమారు. చివరికి లోపలా బయటా బంగారంలా మెరిశాను. చూసి దివాకరం పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను. నిజం చెప్పొద్దూ, మెరవడం బాగుంటుంది.

అలా వచ్చాం నిజాంపట్నానికి. ముందురోజు సాయంత్రం నాంచారమ్మ మట్టి దాకలో పులుసు పెట్టింది. చేపల పులుసులో గరిటె పెట్టరు. ముక్క చిదిరిపోతుంది. దాకను రెండు చేతులా గుడ్డతో పట్టుకుని తిప్పుతారు. తిప్పి, దించి, మర్నాటి దాకా ఊరనిస్తారు. ఆ పులుసు మర్నాడే తినాలి.

దివాకరం నన్ను మెల్లగా దాక అంచుకు దించాడు.

"అదేంది బాబూ, చేపల పులుసులో గరిటె పెడతారా ఎవరైనా?"

"కలపనక్కా, ఓ పక్కన ఊరికే ఉంటుంది. రేపు మూత తీయగానే గరిటె మెరుస్తూ కనపడాలి. ఎవరూ కదపకండి."

మూత పెట్టారు. చీకట్లో చింతపండు పులుపు నా ఒంటిని పట్టుకుంది. తర్వాత జరిగింది మీరు చూశారు.

సరే, మళ్లీ ఆ ఉదయానికి.

డాక్టరు వచ్చి వాంతులైనవాళ్లను చూసి, ప్రాణభయం లేదన్నాడు. ఏం తిన్నారని అడిగి, నాంచారమ్మ వైపు చూశాడు. ఆ చూపు చాలు. బస్తాల మీద కూర్చున్న లారీ డ్రైవర్లు ఒక్కొక్కరే లేచి పక్క హోటలు వైపు నడవడం మొదలుపెట్టారు. అరిస్తే ఆవిడ జవాబు చెప్పేది. నడిచిపోయేవాళ్లకు ఏం చెబుతుంది?

దర్శకుడు సుధీంద్ర మాత్రం ఉత్సాహంగా ఉన్నాడు. "సార్, బంగారంలాంటి ఎపిసోడ్! నమ్మి తింటే ఏం జరిగింది, అని మొదలుపెడదాం. ఆవిడ ముఖం దగ్గరగా తీద్దాం."

దివాకరం నాంచారమ్మ హోటల్లో ఉన్న పాత్రలన్నీ బయటికి తెప్పించాడు. గచ్చు మీద వరసగా బోర్లించాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర మసైంది. ఒక్కొక్కదాన్నీ గోరుతో గీకి, వాసన చూసి పక్కన పెట్టాడు. తాతబ్బాయి ఎప్పుడో పోయాడు కానీ ఆ వేళ్లు మాత్రం తాతబ్బాయివే.

"నా గిన్నెల మీద కూడా అనుమానమేనా బాబూ?" అంది నాంచారమ్మ.

"కాదక్కా. మనుషుల మీద అనుమానం రాకూడదని."

గిన్నెలు అయిపోయాయి. దాక అడుగు చూశాడు. మట్టిది, నిష్కల్మషంగా ఉంది. చింతపండు నోట్లో వేసుకున్నాడు. ఉప్పు నాకాడు. ఆఖరికి, అన్నీ అయ్యాక, నా కాడ పట్టుకుని పైకి లాగాడు.

నా చిప్పలోంచి పులుసు జారిపోయింది. నిన్నటి బంగారం లేదు. అంచు పొడుగునా ఆకుపచ్చ చిలుము చార. దివాకరం బొటనవేలితో నా లోపలి భాగం తడిమాడు. అక్కడ ఉండాల్సిన తగరం కోసం వెతికాడు. మళ్లీ తడిమాడు. అతనికి అర్థమైందని నాకు తెలిసింది. మేం ఇన్నాళ్లు కలిసి బతికాం, ఆ మాత్రం తెలియదా?

సుధీంద్ర కూడా చూశాడు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, ఎవరూ గమనించలేదు. సంచిలో పెట్టేయండి. చేప అనే అనుకుంటున్నారు కదా, అనుకోనివ్వండి. కాదంటే తోమినవాడి పేరు చెబుదాం, వాడు రోజు కూలీ మనిషి, రేపు ఇంకో చోట పని చూసుకుంటాడు. మీ పేరు వినిపిస్తే మాత్రం కార్యక్రమం మూసుకోవాల్సిందే."

దివాకరం సంచి వైపు చూశాడు. అబద్ధం చెప్పను, చాలాసేపే చూశాడు. జీవితంలో అంతసేపు అతను దేన్నీ వాసన చూడకుండా ఉండలేదు. ఆ సంచిలోకి నేను వెళ్లిపోతే నాంచారమ్మ పొయ్యి ఆరిపోతుంది. బయట ఉంటే అతనిది.

"సార్, ప్రసారం మొదలవుతోంది!" అని ఎవరో కేకేశారు.

దివాకరం నన్ను పట్టుకుని, కెమెరామన్ సహాయకుడు నిలబెట్టిన కెమెరా ముందుకు నడిచాడు. ముఖాన పౌడరు కరిగి చారలు కట్టింది. తుడవడానికి ఒకమ్మాయి వస్తే వద్దన్నాడు. పీట తెప్పించి నాంచారమ్మను కూర్చోబెట్టి, పక్కన తను నేల మీద కూర్చున్నాడు.

"నమస్కారం. ఈవిడ నాంచారమ్మగారు. ఈ పులుసు నిన్న సాయంత్రం అమృతంలా ఉంది. ఇవాళ విషమైంది. చేప తాజాది. వీరాస్వామి గారు తెచ్చిన చేపకు వంక లేదు. చింతపండు మంచిది, దాక మంచిది. చెడ్డది ఇదిగో." నన్ను పైకెత్తాడు. "ఇత్తడి గరిటె. లోపల కళాయి ఉండాలి. ఉంటే పులుపు ఇత్తడిని తాకదు. తాకితే చిలుము దిగి విషమవుతుంది. తెరమీద మెరవడం కోసం ఆ కళాయిని గీకించేశారు. పైగా రాత్రంతా పులుసులో వదిలేశారు."

పక్క హోటలు గుమ్మంలో ఉన్న డ్రైవర్లు ఆగారు. వీరాస్వామి ఛాతీ అప్పుడే వెడల్పయింది.

"గీకించారు, వదిలేశారు... ఎవరు బాబూ?" అంది నాంచారమ్మ. కళ్లు తుడుచుకుని సూటిగా చూసింది. "నన్నేమో పేరు పెట్టి అన్నారు. ఆళ్లకి పేరు లేదా?"

"ఉందక్కా."

"చెప్పు మరి."

అతను చెప్పాడు. గాలికి సగం ఎగిరిపోయింది.

"ఇనపళ్లా. ఆ లారీల దాకా ఇనపడాల. గట్టిగా!"

దివాకరం లేచి నిలబడ్డాడు. పెళ్లి పందిట్లో చివరి బంతి దాకా వినపడేలా పిలవడానికి తాతబ్బాయి నేర్పిన గొంతు ఒకటి అతనిలో ఉంది. టీవీలో ఎన్నడూ వాడలేదు. ఆ గొంతుతో, నన్ను తలపైకెత్తి పట్టుకుని, హార్బరంతా తిరిగి చూసేలా అరిచాడు:

"పాలకొల్లు దివాకరం! పులుసు చెడగొట్టింది నేనే, పాలకొల్లు దివాకరాన్ని!"