మూత పెట్టాక

బంగాళాదుంపల కూర వండడం ఏమంత బ్రహ్మవిద్య కాదు. ఉల్లిపాయలు, టమాటాలు, దుంపలు, నూనె, ఉప్పు, కారం. ఏ ఇంట్లో ఉండవు గనక? అలాంటి కూర కోసం ఒక మనిషి నెలల తరబడి తిప్పలు పడుతున్నాడంటే విన్నవాళ్ళకు నవ్వొస్తుంది. ఆ వీధిలో నవ్వారు కూడా. ఆయనకు మాత్రం నవ్వు రాలేదు.

ఆయన ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపాడు. ఇంటి కింద ఉన్న మలుపు దగ్గర బస్సు మరీ నిదానంగా తిప్పుతాడని ప్రయాణికులు నత్త డ్రైవరని పేరు పెట్టారు. ఉద్యోగం ఇంకో ఏడాది ఉందనగా భార్య మంచం పట్టింది, నాలుగు నెలలకు పోయింది. ఆ తరువాత ఉద్యోగమూ అయిపోయింది. మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటిల్లు, ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురు. ఆయనకు మిగిలిన సంసారం అదీ.

భార్య చీరలు ఎవరికో ఇచ్చేసినా ఓర్చుకున్నాడు. కళ్ళజోడు సొరుగులో పెట్టేసినా ఓర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఆవిడ చేసే దుంపల కూర రుచి ఎలా ఉండేదో తలుచుకోబోయాడు. నాలుక మీదికి రాలేదు. మొహం మరిచిపోకుండా ఫోటో ఉంది, గొంతు మరిచిపోకుండా ఫోనులో నాలుగు మాటలున్నాయి. మరి రుచిని ఎక్కడ దాచుకుంటారు? అదీ పోతే ఆవిడ రెండోసారి పోయినట్టేనని, ఆ పూటే లేచి చాకు పట్టుకున్నాడు.

ఆధారం లేకపోలేదు. తల్లి మంచంలో ఉన్న రోజుల్లో చెబుతుంటే కూతురు ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. ఉల్లిపాయలు వేసిన వెంటనే చిటికెడు ఉప్పు వేస్తే తొందరగా మగ్గుతాయి. తరిగిన దుంపలు నీళ్ళలో ఉంచితే నల్లబడవు. ఉడుకుతున్న కూరలో చన్నీళ్ళు పోయకూడదు, వేణ్ణీళ్ళే పోయాలి. గరిటె పెట్టి కెలికితే దుంప చితికిపోతుంది, గిన్నె చెవులు పట్టుకుని కుదపాలి. దుంప సగం ఉడికాక మూత పెట్టాలి. మెత్తబడ్డాక దించాలి. అంతే, పేజీ అయిపోయింది.

బస్సు ఏ స్టాపూ వదలకుండా నడిపిన మనిషాయె, ఆ పేజీలో ఒక్క ముక్క కూడా వదల్లేదు. కూర బాగానే కుదిరింది. కూతురు వేలు పెట్టి నాకి మరీ మెచ్చుకుంది. కానీ అది ఆవిడ కూర కాదు. గిన్నె మార్చాడు, నూనె మార్చాడు, దుంపలు కొనే కొట్టు మార్చాడు. ఒకరోజు కారం తగ్గించాడు, ఒకరోజు టమాటా పెంచాడు. కూతురు డ్యూటీ నుంచి వచ్చి మూత తీసి చూసి నిట్టూర్చేది.

“నాన్నా, వారం రోజులుగా దుంపలే. ఇంకో వారం పోతే మనకే మొలకలొస్తాయి.”

“ఇవాళ్టికి తినమ్మా. రేపు గుడ్లు వండుతాలే.”

రేపు మళ్ళీ దుంపలే.

అసలు ఆ కూరను ఇంట్లో డ్యూటీ కూర అనేవారు. సెలవు రోజున ఆవిడ దాని జోలికి పోయేది కాదు, ఇంకేదో చేసేది. డ్యూటీ దిగి మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరితే, ఆయన చెప్పులు విడిచేటప్పటికి కూర పొయ్యి మీద నుంచి దిగుతుండేది. ఎప్పుడూ అంతే, నిమిషం అటూ ఇటూ ఉండేది కాదు. ట్రాఫిక్కులో ఇరుక్కుని నాలుగైన రోజున రుచి ఇంకో మెట్టు పైన ఉండేది. నా మీద కోపంతో వండుతావు కాబోలు, అందుకే ఇంత బాగుంటుంది అని ఆయన ఏడిపించేవాడు. అయితే రోజూ ఆలస్యంగానే రండి, అనేది ఆవిడ.

ఇక తన వల్ల కాదనుకున్న రోజున గిన్నెడు కూర పట్టుకుని ఎదురింటి మూడో అంతస్తు ఎక్కాడు. అక్కడ బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. సన్నటి వీధి కావడాన ఆవిడ కుట్టుమిషను పక్క కిటికీ, వీళ్ళ వంటింటి కిటికీ ఎదురెదురు. వదినా, వదినా అంటూ ఇరవై ఏళ్ళు ఆ కూర తిన్న మనిషి.

నోట్లో ఉన్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చి, ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

“బాగుంది అన్నయ్యా. వదిన కూర మాత్రం కాదు.”

“ఏం తక్కువైందో చెప్పమ్మా. పుణ్యముంటుంది.”

ఏం వేసేదో తనకేం తెలుసంది. ఇంత దూరం నుంచి గిన్నెలోకి కనిపిస్తుందా? కనిపించేదల్లా వదిన నిలబడడమే.

“నిలబడడమేమిటి?”

“కూర సగంలో ఉండగా పొయ్యి ఆపేసి, మూత పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చేది కదా. మీ బస్సు మలుపు తిరిగి డిపో వైపు పోతేనే మళ్ళీ వెలిగించేది. మీరు బస్సు అప్పగించి నడిచొచ్చేసరికి దించేది. మీకు తెలీదా?”

ఆయన తెలీదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఒక్కోరోజు గంట సేపు అలాగే నిలబడేదట. కాళ్ళు లాగవా వదినా, అని ఈవిడ ఇక్కణ్ణుంచి కేకేసేదట. ఆయన ఒక్కసారైనా తలెత్తి చూడరేమిటి, అని కూడా అడిగిందట.

“ఏమంది?”

“మలుపు కదా, ఆయన రోడ్డే చూడాలి అంది. నిదానంగా తిప్పుతారు, నాకది చాలు అంది.”

ఆయన గిన్నె అక్కడే మరిచిపోయి మెట్లు దిగాడు. ముప్పై ఏళ్ళు ఆ కిటికీ కింద నుంచే పోయాడు. ఆ మలుపులో ఎక్కడ గుంత ఉందో, ఏ గోడకు పెచ్చు ఊడిందో ఇప్పటికీ చెప్పగలడు. పైన మూడో అంతస్తులో ఏముందో చూడలేదు.

సంగతి విని కూతురు నోటుపుస్తకం తెచ్చి ఆ పేజీ తీసింది.

“అమ్మ చెప్పింది నాన్నా. మూత పెట్టి ఆపెయ్, మీ నాన్న బస్సు కనిపించాక వెలిగించు అంది. అది వంట కాదు కదా అని నేనే రాయలేదు.”

పోనీలే తల్లీ, అని ఆయన ఆ పిల్ల తల నిమిరాడు.

మర్నాడు దుంపలు సగం ఉడికాక పొయ్యి ఆపాడు. మూత పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాడు. డిపోకు పోయే ఆ మధ్యాహ్నం బస్సు ఎంతకీ రాలేదు. మోకాళ్ళు లాగాయి. ఎదురుగా కుట్టుమిషను చప్పుడు ఆగింది, ఆవిడ ఇటు చూసింది. ఎవరి కోసమైనా ఇలా నిలబడడం ఆయనకు జన్మలో ఇదే మొదలు. ఇన్నాళ్ళూ వచ్చేవాడే గానీ ఎదురుచూసేవాడు కాదు. చివరికి బస్సు వచ్చింది. కుర్ర డ్రైవరు, చటుక్కున తిప్పుకుని పోయాడు. రెప్ప వేసేలోపు వీధి ఖాళీ అయింది. ఆయన పొయ్యి వెలిగించాడు.

కూతురు వచ్చి కూర్చుని మొదటి ముద్ద తిని ఆగిపోయింది. ఆయన కూడా తిన్నాడు. పొయ్యి ఆపినంతసేపూ ఊరిన దుంప, ఉప్పూ పులుపూ లోపలిదాకా పీల్చుకుని, అంచులు చెదరకుండా మెత్తగా ఉంది. అదే. ఇద్దరూ గిన్నె ఖాళీ చేశారు.

చేతులు కడుక్కుంటూ కూతురు అంది, ఊరడమే కదా కావాల్సింది, ఇక ఆ బస్సు కోసం నిలబడడం దేనికి, అరగంటకు అలారం పెట్టుకుంటే సరిపోతుందని. నిజమేనమ్మా, అన్నాడాయన.

ఆ మర్నాడు అలారం పెట్టాడు కూడా. దుంపలు సగం ఉడికాయి, పొయ్యి ఆపాడు, మూత పెట్టాడు. అరగంటకు అలారం మోగింది. ఆయన వెళ్ళి దాన్ని ఆపి, మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చాడు. బస్సు ఇంకా రాలేదు.