ఝపటాపూర్‌లో ఆడిన అబద్ధం

గంగాభవాని తన నలభై ఆరేళ్ళ బతుకులో ఆడిన అబద్ధాలు చేతివేళ్ళకి సరిపోతాయి. వాటన్నిట్లోకీ చిన్నది ఖరగ్‌పూర్లోని ఝపటాపూర్ బజార్లో, నడిరోడ్డు మీద పడి ఉండి, బెంగాలీలో ఆడింది. మూడంటే మూడే మాటలు. ఏడు వారాల తర్వాత ఆ మూడు మాటలూ డాక్టరమ్మ బల్ల మీద, ఫైల్లో, ఇంగ్లీషులో ప్రత్యక్షమయ్యాయి.

"ఎముక బాగా అతుక్కుంది," అంది డాక్టరమ్మ హిందీలో. గంగాభవాని చేత కుడిచెయ్యి తల పైదాకా ఎత్తించింది. కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంది. గీత గీసినట్టు నడవమంది. అన్నీ అయ్యాక ఫైలు వెనక్కి తిప్పి, పడిన రోజు రాసిన చీటీ చదివి, కళ్ళజోడు తీసేసింది. "ఇందులో కళ్ళు తిరిగి సైకిలు మీంచి పడ్డావని ఉంది. నువ్వు నడిపేది క్రేను కదా?"

అవును. రైల్వే వర్క్‌షాపులోని చక్రాల షెడ్డులో ముప్పై అడుగుల ఎత్తున, ఆ చివర్నుంచి ఈ చివరికి పట్టాల మీద పాకే క్రేను. దాని కింద వేలాడే డబ్బాలాంటి క్యాబిన్లో కూర్చుని, ఇరుసుతో సహా రైలు చక్రాలని ఎత్తి, మనుషుల నెత్తుల మీదుగా మోసుకెళ్ళి దించడం ఆమె పని.

"కళ్ళు తిరిగే మనిషిని అంత ఎత్తున ఎలా కూర్చోబెడతాను? పెద్దాసుపత్రికి రాస్తాను. వాళ్ళు చూసి చెప్పేదాకా కింద ఏదైనా తేలిక పని చేసుకో. ఆరు నెలలు పట్టొచ్చు."

తేలిక పనంటే ఏమిటో గంగాభవానికి బాగా తెలుసు. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చినప్పుడు, మొదటి ఐదేళ్ళూ చేసింది ఆ తేలిక పనే. ఇనప రజను ఊడవడం, నీళ్ళు మొయ్యడం, "ఏయ్" అని పిలిస్తే పలకడం. తర్వాత పట్టుబట్టి క్రేను నేర్చుకుని, పరీక్ష పాసయి ఎక్కింది. తొమ్మిదేళ్ళయింది. ఆ షెడ్డులో క్రేనెక్కిన ఆడమనిషి ఇంకొకరు లేరు. పైన కూర్చున్నవాళ్ళని ఎవరూ "ఏయ్" అనరు. ఆరు నెలలు దిగితే ఆ సీటు ఇంకొకడిదైపోతుంది. ఆ ఇంకొకడు ఇప్పటికే అందులో కూర్చుని ఉన్నాడు కూడా.

"అబద్ధం చెప్పాను మేడమ్," అంది గంగాభవాని. "నాకు కళ్ళు తిరగలేదు. కారు తలుపు తెరిచారు, గుద్దుకున్నాను."

డాక్టరమ్మ నవ్వింది. చెడ్డ నవ్వేం కాదు, ఇలాంటివి రోజూ వినే మనిషి నవ్వు. "సీటు పోతుందంటే అందరూ ఇలాగే అంటారమ్మా. నిన్ను తెచ్చి చేర్పించినవాడి పేరు చలపతి అని ఉంది. అతన్ని రేపు పదింటికి తీసుకురా. అతను చెబితే సరిదిద్దుతాను."

తీసుకురావచ్చు. చిక్కల్లా ఏమిటంటే, ఆ కారు చలపతిదే. ఇప్పుడు క్రేను సీట్లో కూర్చున్నదీ చలపతే.

ఆ రోజు జరిగింది ఇదీ. చలపతి కొత్తగా ఒక పాత కారు కొన్నాడు. కొన్న మూడో రోజు సెలవు పెట్టి పెళ్ళాన్ని గుడికి బయల్దేరదీశాడు. ఝపటాపూర్ బజార్లో ముందొక టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆగితే దాని వెనకాల, రోడ్డు మధ్యనే, కారు ఆపాడు. ఈలోగా పూలు కొనుక్కుందామని సత్యవాణి ఎడమవైపు తలుపు భళ్ళున తెరిచింది. అదే క్షణంలో, డ్యూటీ దిగి ఇంటికెళ్తూ, ఎడమపక్క అంచున సైకిలు మీద వస్తోంది గంగాభవాని. బెల్లు కొట్టే వ్యవధి కూడా దొరకలేదు. హ్యాండిలు తలుపుకి తగిలింది, మనిషి తలుపు మీంచి ఎగిరి అవతల పడింది. కుడి భుజం దగ్గర కాలర్‌బోన్ పుటుక్కుమనడం ఆమెకే వినపడింది.

నిమిషంలో జనం మూగారు. డ్రైవరు సీట్లోంచి చలపతిని కాలరు పట్టుకుని బయటికి లాగారు. అప్పటికే రెండు దెబ్బలు పడ్డాయి. ఎవడో ఇటుకముక్క తీశాడు. సత్యవాణి కారులోనే నోరు తెరిచి ఉండిపోయింది. కింద పడున్న గంగాభవానికి ఆ ఇటుకముక్క ఒక్కటే కనిపించింది. "మాథా ఘూరే గెలో!" అని అరిచింది. కళ్ళు తిరిగాయి, అంటే నేనే పడ్డాను, వాళ్ళ తప్పేం లేదు అని. మూడు తరాలుగా ఖరగ్‌పూర్లో ఉన్న కుటుంబం, బెంగాలీ నోట్లోంచి తెలుగంత సులువుగా వచ్చేసింది. జనం చేతులు ఆగాయి. చలపతి ఆమెని అదే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, చీటీ రాసేవాడికి అదే మాట చెప్పాడు.

తర్వాతైనా సరిదిద్దొచ్చు కదా అంటే, మనవాళ్ళ సంగతి తెలిసిందే. మనవాడి మీద మనం పోలీసుల దగ్గరికెళ్ళడమా, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది, అని పెద్దలు అన్నారు. గంగాభవాని కూడా అదే అనుకుంది. చలపతి షెడ్డులో ఆమె కింద నిలబడి చేతి సైగలు చేసే మనిషి. అక్క వరస కలిపి ఆమెని "అప్పా" అంటాడు. తాల్‌బగీచాలో ఇద్దరి ఇళ్ళూ ఒకే వీధిలో. సత్యవాణి ఈ ఏడు వారాలూ పూటపూటా కూర తెచ్చి పెట్టింది, స్నానం చేయించింది, జడ వేసింది. ఇంకేం కావాలి? అయినా మంచికి పోతే చెడు ఎదురైందన్న సామెత ఊరికే పుట్టలేదు.

సాయంత్రం గంగాభవాని చలపతి ఇంటికి బయల్దేరింది. నడిచే వెళ్ళింది. సైకిలు ముట్టి ఏడు వారాలయింది. నడిచేటప్పుడు కూడా, ఆగి ఉన్న కారు కనిపిస్తే చాలు, కాళ్ళు వాటంతటవే రోడ్డు అవతలికి పోతున్నాయి. చలపతి ఇంటి సందులో అవతల అనేది లేదు. ఆ కారు సందంతా ఆక్రమించి నిలబడి ఉంది. గోడకి వీపు ఆన్చి, తలుపు పిడి మీంచి కళ్ళు తిప్పకుండా, పక్కపక్కగా జరిగి దాటింది. దాటేసరికి రవిక తడిసిపోయింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

చలపతి అప్పుడే డ్యూటీ దిగి చాప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమెని చూసి తేలు కుట్టిన దొంగలా సర్దుకున్నాడు.

"రా అప్పా, కూకో. డాక్టరమ్మ ఏటన్నాది?"

"కళ్ళు తిరిగే మనిసికి క్రేను ఇవ్వనన్నాది. రేపు పదింటికి నువ్వొచ్చి, తలుపు తగిలి పడిపోనాదని ఒక్క ముక్క సెప్పాలి. సెప్తే సాలు, నా సీటు నాకొచ్చేస్తాది."

చలపతి గ్లాసు కింద పెట్టాడు. గుమ్మంలో పిండి చేతులతో నిలబడ్డ సత్యవాణి వైపు ఒకసారి చూశాడు.

"అదేటప్పా, అలా అంటావు! ఆ చీటీ నా నోటితోనే రాయించినాను. ఇప్పుడు కాదంటే నా గతేటి? అప్పుడెందుకు అబద్ధమాడినావని అడగరా? కేసు పెడితే నా ఉద్యోగం ఉంటాదా?"

"కేసు నానెట్టను కదరా."

"నువ్వెట్టవు. ఆళ్ళెడతారు." గొంతు తగ్గించాడు. "అయినా, అప్పా... నిజంగానే నీకు కళ్ళు తిరిగినాయేమో. తలుపు సూసుకోలేదంటే ఏదో అయ్యుంటాది కదా?"

వాడి కోసం ఆమె కల్పించిన అబద్ధాన్నే వాడిప్పుడు ఆమెకి తిరిగి వడ్డిస్తున్నాడు. పైగా నమ్మేటట్టే ఉన్నాడు. తొమ్మిదేళ్ళు కింద నిలబడి పైకి చూసినవాడికి, పైనుంచి కిందికి చూడ్డం ఏడు వారాల్లోనే రుచి మరిగింది.

"సత్యవాణీ, నువ్వైనా సెప్పవే," అంది.

సత్యవాణి చేతుల పిండి దులుపుకుంటూ నేల చూపులు చూసింది. "ఆడమనిసిని, నాకేటి తెల్సు ఒదినా," అని లోపలికెళ్ళిపోయింది. ఆ మాట గంగాభవానికి ఎముక విరిగినదానికంటే ఎక్కువ నొప్పెట్టింది.

రాడేమో అనుకుంది గానీ, మర్నాడు పదింటికి చలపతి వచ్చాడు. డాక్టరమ్మే షెడ్డుకి ఫోన్ చేయించింది మరి. ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గంగాభవాని కుర్చీ అంచున కూర్చుంది. తలుపు అవతల వరండాలో సత్యవాణి. ఎందుకొచ్చిందో, ఎవరు రమ్మన్నారో తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని ఉంది.

"నువ్వు చూశావా? ఎలా పడింది?" డాక్టరమ్మ అడిగింది.

గంగాభవాని చలపతి మొహాన్నే చూస్తోంది. ఒక్క ముక్క. ఒక్క ముక్క చెప్పరా అని లోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటోంది.

"నేను చూసేసరికి పడిపోయి ఉంది మేడమ్. కళ్ళు తిరిగాయని తనే అంది. బజారంతా విన్నారు."

ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అదీ వాడి తెలివి. డాక్టరమ్మ కలం తీసింది. పెద్దాసుపత్రికి రాసే కాగితం ముందుకి లాక్కుంది.

గంగాభవాని లేచి నిలబడింది. డాక్టరమ్మకి తెలుగు రాదు. గొంతు ఎత్తకుండానే అంది: "సలపతీ, నీ నెత్తి మీద ఇటుక పడకుండా ఆ మాటన్నానురా. నీ పేనం కోసం నాను అబద్ధమాడినాను. నా కూడు తీయడానికి నువ్వు నిజమాడతన్నావు. ఆడు, ఆడు."

కలం కాగితం మీద గరగరమంటోంది. చలపతి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. ఇక అయిపోయిందని గంగాభవాని సంచీ చేతిలోకి తీసుకుంది.

"తలుపు నేను తెరిచాను."

హిందీ. వంకరటింకర హిందీ. సత్యవాణి లోపలికొచ్చి నిలబడింది. "కారులో నేనున్నాను డాక్టర్ దీదీ. పూల కోసం తలుపు తెరిచాను. వెనక చూడలేదు. వదిన నా తలుపుకే తగిలింది. కళ్ళు తిరగలేదు. మా ఆయన్ని జనం కొడుతున్నారని అబద్ధం చెప్పింది."

"ఓలే, నోర్ముయ్!" అన్నాడు చలపతి.

"మూసీనాను. ఏడు వారాలు మూసీనాను," అంది సత్యవాణి, వాడి వైపు చూడకుండా. "రోజూ జడేస్తంటే ఆ బుజం ఎముక నా సేతికి తగిలీది. ఇంక నా వల్ల కాదు."

డాక్టరమ్మ కలం ఆపింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇది రాసి సంతకం పెడితే నీ మీదికి రావచ్చు. తెలుసా?"

"ఎక్కడ పెట్టాలి?"

సత్యవాణి తెలుగులో సంతకం పెడుతుంటే చలపతి చరచరా బయటికి నడిచాడు. కారు స్టార్టు చేసిన చప్పుడు లోపలికి వినిపించింది. డాక్టరమ్మ పాత మాట కొట్టేసి, పక్కన కొత్తది రాసి, కింద తన సంతకం చేసి, ఫిట్ కాగితం గంగాభవాని చేతికిచ్చింది. క్రేనుకి ఫిట్. రేపు పొద్దున్న డ్యూటీ.

ఏడు వారాలుగా కలలో కూడా ఆ కాగితమే. తీరా చేతికొచ్చాక చూసుకునే తీరిక లేకపోయింది. వరండాలో సత్యవాణి మెట్టు మీద కూలబడి ఉంది.

"ఆ పొద్దు నువ్వు మమ్మల్ని కాసినావు ఒదినా. ఇప్పుడు నానింటికెల్తే నన్నెవులు కాస్తారు?"

గంగాభవాని కాగితం మడిచి సంచీలో పెట్టింది. "లే. నానొస్తాను," అంది.

తాల్‌బగీచా చేరేసరికి ఎండ నడినెత్తి మీదకొచ్చింది. చలపతి ఇంటి గుమ్మానికి అడ్డంగా, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇది ఇంట్లోకి రాదు," అన్నాడు. "ఆ సంతకం పెట్టినప్పుడే దీనికీ నాకూ తెగిపోనాది. నువ్వెల్లప్పా. నీకు కావాల్సింది నీకొచ్చీసినాది."

సత్యవాణి రెండడుగులు వెనక్కి వేసింది. గంగాభవాని మాత్రం మెట్టు దగ్గరికే వెళ్ళి, వాడికి ఎదురుగా నిలబడింది. తిట్టడానికి మాటలు సిద్ధంగానే ఉన్నాయి. మింగేసింది.

"సలపతీ, రేపు పొద్దున్న నాను పైకెక్కితే కింద నిలబడీది నువ్వే కదా?"

వాడు గుమ్మానికి వీపు ఇంకా గట్టిగా ఆన్చాడు.

"తొమ్మిదేళ్ళు నీ నెత్తి మీంచి చక్రాలు తోలినాను. ఒక్కనాడైనా ఊగినాదేటి? ఇరిగి అతికిన సెయ్యి ఇది. ఊగదని నాకు తెల్సు, నీకు తెల్దు. నీ మీద నాకు కోపమున్నాదని కూడా నీకు తెల్సు. భయమేస్తే ఇప్పుడే సెప్పు. ఏరే షెడ్డుకి మార్పించుకో, నాను అడ్డం రాను. ఏయకపోతే రేపు రా, నా కింద నిలబడు. కానీ ఆ సెయ్యిని పూటపూటా నీళ్ళు పోసి నిలబెట్టింది ఈ పిల్ల. నా సెయ్యిని నమ్మి నిలబడీవోడివైతే, దీన్ని లోపలికి రానీ."

పక్కింటి చిలకమ్మ గోడ మీంచి తొంగి చూస్తోంది. సందులో సైకిలు మీద పోయేవాడు ఒక కాలు కింద పెట్టి ఆగాడు. చలపతి తల వంచుకుని తన అరచేతులు చూసుకున్నాడు. సైగలు చేసే చేతులు. పైనున్న మనిషి అవి చూసి నమ్ముతుందనీ, కిందున్నవాడు పైమనిషిని నమ్మి నిలబడతాడనీ ఆ షెడ్డులో వాడికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

"ఎన్నింటికి?" అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే.

"రోజూ ఎక్కే టైముకే."

వాడు కాళ్ళు పక్కకి జరుపుకున్నాడు. ఒక మనిషి పట్టేంత సందు మాత్రమే. సత్యవాణి గంగాభవాని వైపు ఒకసారి చూసి, చీర కుచ్చిళ్ళు దగ్గరికి తీసుకుని, మొగుడికి తగలకుండా లోపలికి నడిచింది.