రాజం తెచ్చిన బొగ్గులు

పందొమ్మిది వందల డెబ్బై మూడు, ఎండాకాలం. ఏటి అవతలి జైపూర్ అనే పల్లె నుంచి రాజం గోదావరి ఇసుకలో నడిచి, గోదావరిఖనిలో ఉంటున్న కూతురు అనసూర్య క్వార్టరుకు వచ్చాడు. నెత్తి మీద గోనెసంచి. అల్లుడు మొగిలి పొద్దటి షిఫ్టు దిగి, స్నానం చేసి అరుగు మీద కూర్చున్నాడు. పక్క క్వార్టరులో ఉండే టైపిస్టు లింగమూర్తి కూడా అక్కడే ఉన్నాడు.

"ఏం తెచ్చినవ్ మామా, కందులా?" అంటూ మొగిలి సంచి దించి మూతి విప్పాడు. లోపల కట్టెబొగ్గులు.

మొగిలి పగలబడి నవ్వాడు. పొద్దున్నుంచి గనిలో అతను టబ్బులు నింపింది బొగ్గుతోనే. పెరట్లోనూ బొగ్గు కుప్ప పడి ఉంది.

లింగమూర్తి కూడా నవ్వి, "ఇంగ్లీషోళ్లు దీన్నే న్యూకాజిల్‌కు బొగ్గు మోసుడు అంటరు" అన్నాడు.

"గదేంది?" అని అడిగాడు రాజం.

"ఇంగ్లండుల అదొక ఊరు కాకా. మన ఖని లెక్కనే, చుట్టూ బొగ్గు బాయిలే. వందల ఏండ్ల సంది అక్కడి బొగ్గే ఓడలల్ల వేరే ఊర్లకు పోయేది. అసోంటి ఊరికి ఎవడన్న బొగ్గు మోసుకపోతే నవ్వరా? అందుకే, అక్కెర లేని పని చేసెటోణ్ని గట్ల అంటరు."

"ఔ, నిజమే" అన్నాడు రాజం. చెంబెడు నీళ్లు తాగి, "ఇగ పోత" అని లేచాడు.

లోపల్నుంచి అంతా విన్న అనసూర్య బయటికి వచ్చి, సంచిలోంచి ఒక బొగ్గు తీసి చూసింది.

"ఏ చెట్టుది బాపూ?"

"మన వాకిట్ల తుమ్మదే బిడ్డా. ఎండిపాయె. వానల్లేవు, చేన్ల గింజ పండలె. బర్రెను గూడ అమ్మినం. ఇంట్ల ఇంకేం లేకుండె. బిడ్డింటికి ఉత్త చేతులతోని ఎట్ల వస్త?"

మొగిలి నవ్వు ఆగిపోయింది. లింగమూర్తి చెప్పులు వేసుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

"కూసో మామా. గీ ఎండల యాడికి పోతవ్?" అని మొగిలి రాజం చెయ్యి పట్టుకున్నాడు. "నవ్విన, తప్పైంది. గింత కష్టముంటే కబురన్న పెట్టొద్దా?"

"నీకెట్ల చెప్పుకోవాలె అల్లుడా!"

ఆ మాటకు అనసూర్య కొంగుతో కళ్లొత్తుకుని, అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.

సాయంత్రం మొగిలి రైల్వే సైడింగు దగ్గరున్న కాంట్రాక్టరుతో మాట్లాడి మామకు వ్యాగన్లు నింపే పని ఇప్పించాడు. వానలు పడేదాకా రాజం అక్కడే పనిచేసి, విత్తనాలు కొనుక్కుని ఊరికి పోయాడు. లింగమూర్తి ఆ ఇంగ్లీషు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఏడు పంట బాగానే పండింది. అయినా మరుసటి ఎండాకాలం రాజం మళ్లీ వచ్చి సైడింగులో పనికి కుదిరాడు. అప్పటికి అనసూర్యకు ఆడపిల్ల పుట్టింది. పని నుంచి రాగానే కాళ్లు చేతులు కడుక్కుని, మనవరాలిని ఎత్తుకుని క్వార్టర్ల వరసంతా తిరిగేవాడు.