టైరు ముక్క ఉండాల్సిన చోటు

పోర్టు కోసం ఊరు ఖాళీ చేయించాక, కాలనీ ఇంట్లో దాలమ్మ పాత చీర పరిచి దానిమీద ఊరిని కుట్టుకుంది. చిరిగిన వల ముక్కలు సముద్రం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాళ్ళు ఏరు. గోనెసంచి జంట కొండలు, వాటి ముందు పసుపు గుడ్డ లైట్‌హౌస్. నడిసముద్రంలో నల్లటి టైరు ముక్క.

విజయనగరంలో బొమ్మల ప్రదర్శనకి దాన్ని అడిగారు. పంపే ముందురోజు మొగుడు జోగయ్య చూసి గతుక్కుమన్నాడు.

“ఒసే, ఈ నల్లదేటే?”

“నీ పడవ ఆగీ సోటు. లైట్‌హౌస్ మెట్టుమీద కూకుని రోజూ సూసీదాన్ని కాదా? సరిగ్గా నాకెదురుగా ఆగీవోడివి.”

అక్కడ నీటి అడుగున రాయుంది. చేపలన్నీ దాని చుట్టూనే. ఆ చోటు తండ్రి కొడుక్కే చెప్పాలి, అదీ పడవలో, నీటిమీద. పక్షవాతంతో కాలు పడిపోయిన జోగయ్య ఇంకా కొడుక్కి చెప్పనేలేదు.

“మా అయ్య దాసింది గోడకేలాడేస్తావా? పెద్ద బోట్లోళ్ళు ఊడ్సుకుపోతారు. జరుపు!”

దాలమ్మ దారం విప్పి, టైరు ముక్కను జానెడు పక్కకి కుట్టింది. పాత చోట సూది బెజ్జాలు మిగిలాయి.

ప్రదర్శనలో కొడుకు ఈశ్వర్ బొమ్మ ముందు నిలబడ్డాడు. పోర్టులో వాచ్‌మన్ పని పోయి, తోటి జాలరి లక్ష్ముడి పడవలో వేటకి దిగబోతున్నాడు.

“నాయినా, మన రాయి ఇదేనా? పడవెక్కితే సెప్తానంటావు, నీ కాలేమో ఎక్కదు. ఫొటో తీసుకుంటన్నాను.”

చుట్టూ జనం. అందరి చేతుల్లో ఫోన్లు. జోగయ్య కర్రమీద వాలాడు.

“అదేరా.”

ఇంటికొచ్చాకైనా చెబుతాడని దాలమ్మ చూసింది. “నేలమీద సెప్పకూడదే,” అన్నాడు జోగయ్య.

వేటకెళ్ళిన ఈశ్వర్ వట్టి వలతో తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వట్టి వలే.

“రాయీ నేదు, ఏటీ నేదు. పోర్టోళ్ళు తవ్వీసుంటారు. గుజరాత్ బోట్లలో కూలికెల్లిపోతాను.”

దాలమ్మ ఇక ఆగలేకపోయింది. “ఒరే, రాయి అక్కడ కాదురా. పడవలోంచి సూస్తే లైట్‌హౌస్ రెండు కొండల సందులో కనపడాల. నేనే జరిపి కుట్టాను.”

ఈశ్వర్ నవ్వాడు. “నువ్వెప్పుడు పడవెక్కినావమ్మా? నన్నాపడానికి కతలల్లకు. నాయినా, నువ్వు సెప్పు.”

జోగయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొడుకు సంచిలో లుంగీలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.