గంగవాయిల కూర

కిష్టారెడ్డిపేటలో అపార్టుమెంటు వెనక ఖాళీ ప్లాటులో సోమమ్మ గంగవాయిల కూర గిల్లుతోంది. లేత కొసలేవో వేళ్ళకే తెలుస్తాయి, చూడనక్కర్లేదు. ఒకప్పుడు ఇక్కడే ఆమె మామ జొన్న వేసేవాడు. ఇప్పుడామె బొల్లారంలో మందుల కంపెనీలో నేల తుడుస్తుంది. పందొమ్మిదేళ్ళుగా అదే పని. సబ్బునీళ్ళలో నాని అరచేతుల గీతలు అరిగిపోయాయి. ఇవాళ రెండో షిఫ్టు, ఒంటిగంటకు బస్సు.

ఇంట్లో మనవరాలు నిషిత ఫోను పట్టుకుని తిరుగుతోంది. ఇంటి చుట్టూ ఉన్న పది మొక్కలను ఫొటో తీసి, ఫోను చెప్పే పేర్లు రాసుకురమ్మన్నారు బడిలో. సోమమ్మ కూర వేసి పప్పు దించేసరికి, మిగిలిన కాడను నిషిత ఏడో మొక్కగా ఫొటో తీసింది.

"నానమ్మా, ఇది విషమంట!"

కోడలు శ్రీలత బట్టలు ఉతకడం వదిలేసి ఉరికొచ్చింది. కాడ తుంచితే పాలు కారతాయనీ, తినకూడదనీ ఫోనులో రాసి ఉంది.

సోమమ్మ కాడ విరిచింది. "పాలేవి? నీళ్ళే గదా. సూడు."

నిషిత మళ్ళీ ఫొటో తీసింది. ఈసారి తినే కూరేనంది ఫోను. మూడోసారి ఇంకేదో ఇంగ్లీషు పేరు.

"ఏది నిజం నానమ్మా?"

సోమమ్మ కాడను వెలుగుకు పెట్టి చూసింది. ఇంత పరీక్షగా దాన్నెప్పుడూ చూడలేదు. చూసేకొద్దీ తెలియని మొక్కలా ఉంది.

"ఏమో బిడ్డా. మా అమ్మ గిదే పేరు చెప్పింది."

"పిల్లకు పెట్టకు అత్తమ్మా. పారబోస్త."

"ఆగు. నేను తింట."

కింద కూర్చుని, ప్రతి ముద్దనూ చూసుకుంటూ తింది. రోజూ మనవరాలికి ఒక ముద్ద కలిపి పెట్టేది. ఇవాళ పెట్టలేదు.

కంపెనీ గేటు దగ్గర బస్సు ఆగగానే అందరూ దిగారు, కిటికీ పక్కన సోమమ్మ తప్ప. నిద్రపోయిందనుకుని భుజం తట్టారు. లేవలేదు.

ఆస్పత్రిలో శ్రీలత రెండుసార్లు అడిగింది. "తిన్నదాని వల్లనా సార్?"

"కాదమ్మా, గుండె ఆగిపోయింది. ఆ కూర మేమూ తింటం," అన్నాడు డాక్టరు.

శ్రీలత తలూపింది. నమ్మిందో లేదో ఆమెకే తెలియలేదు. నిషిత తొమ్మిది పేర్లు రాసింది. ఏడో మొక్క పేరు మాత్రం రాయలేదు.

సాయంత్రం క్లీనరు బస్సు ఊడుస్తుంటే సోమమ్మ కూర్చున్న కిటికీ సీటు కింద ఎడమకాలి చెప్పు కనిపించింది. తెగిన పట్టీకి పిన్నీసు పెట్టి, అది గుచ్చుకోకుండా చీరపీలిక చుట్టి ఉంది.