పదో పెట్టె

దేవకుమారికి ఆరేళ్లుగా ఒక అనుమానం. పదిలో ఒకటి అడిగే హక్కు దేవుడికుంది, సరే. మండీకి ఎవరిచ్చారు?

ఆ మాట ఎవరినీ అడగలేదు. దేవుణ్ణీ మండీనీ ఒకే మాటలో పెట్టడం పాపమేమోనని నోరు నొక్కుకుంది. కనిగిరి దారిలో ఉన్న వాళ్ల పల్లెలో కూలి చేతికొచ్చినా, కోడి గుడ్లు పెట్టినా పదో వంతు పక్కన తీసి ఆదివారం ఏసయ్య గుడిలో ఇవ్వడం తాతల నాటి అలవాటు. అందుకే, పురుగు మందుల ఖర్చుకు తట్టుకోలేక పత్తీ మిరపా మానేసి టమాటా వేసిన మొదటి ఏడు, మండీ గుమాస్తా పది పెట్టెలు దింపించుకొని తొమ్మిదే రాస్తే ఎవరూ ఎదురు చెప్పలేదు. దారిలో నలిగిపోయే కాయలకు అది తరుగు అన్నాడు. పదికి ఒకటి అన్న మాట వాళ్ల చెవికి కొత్తగా లేదు. పక్క ఊళ్ల వాళ్లు గొణిగారు. వీళ్లు తలలూపారు. ఆ తలూపడంలో కాస్త భక్తి కూడా ఉంది.

ఈ ఏడు సంక్రాంతి వెళ్లాక ఉద్యానశాఖ ఆఫీసరు ఒకాయన వచ్చి బడి గోడ మీద బొమ్మ వేసి ఒక గీత చూపించాడు. దేశంలో మనిషికి ఏడాదికి ఎంత టమాటా అందుతోందో చెప్పే గీత అది. తాతల కాలంలో నేల మీద పాకుతోంది. తండ్రుల కాలంలో లేచి కూర్చుంది. ఇప్పుడు నిచ్చెన ఎక్కుతోంది. ఇదంతా మీ చలవేనని ఆఫీసరు అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దేవకుమారి కూడా కొట్టింది.

ఇంటికి నడుస్తుంటే పక్కింటి జైతున్‌బీ మెల్లగా అడిగింది. "మనిషికి ఇంత అన్నాడు గదక్కా. ఆ మనుషుల్లో మనం ఉన్నామంటావా?"

జైతున్‌బీ మండీలో కాయలు ఏరే పనికి పోతుంది. ఆమె భర్త నాగూర్ వలికి ట్రాలీ ఆటో ఉంది. పల్లెలో ఎవరి పెట్టెలైనా మండీకి చేరేది అందులోనే. దేవకుమారి భర్త కరుణాకర్ గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోస్తాడు కాబట్టి కౌలుకు తీసుకున్న ఎకరం సేద్యం ఆమెదే. ఈ కోతలు సరిగ్గా అమ్ముడైతేనే వచ్చే ఏడు ఆ ఎకరం ఆమె చేతిలో ఉంటుంది. లేకపోతే ఆసామి ఇంకొకరికి ఇస్తాడు.

మార్చిలో ధర పడిపోయింది. ఒక ఉదయం పల్లెలో అందరికంటే పెద్దవాడు దానయ్య ఇరవై పెట్టెలు తెచ్చాడు. గుమాస్తా రెండు పక్కకు లాగాడు. ఈ ఒక్కసారికి ఒకటి వదిలెయ్యమని దానయ్య బతిమాలాడు. మండీ యజమాని శ్రీకృష్ణ కుర్చీలోంచే మర్యాదగా బదులిచ్చాడు. ధర తన చేతిలో లేదన్నాడు, దేశమంతా కాయేనన్నాడు, ఎక్కువ పండించమని తాను చెప్పలేదన్నాడు. దానయ్య పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. గుమాస్తా పెట్టెను గుంజాడు. ముసలాయన బోర్లా పడ్డాడు. మోకాళ్ల కింద కాయలు చితికాయి. అక్కడ నలభై మంది ఉన్నారు. ఒక్కరూ లేపలేదు. దేవకుమారి కూడా లేపలేదు. తన పెట్టెల పక్కనే నిలబడింది.

ఆ సాయంత్రం జైతున్‌బీ ఇన్నాళ్లూ చెప్పనిది చెప్పింది.

"తరుగు పెట్టెల్లోకి పోయేది నలిగిన కాయ కాదక్కా. అన్నీ షెడ్డులో పోసి ఏరి పెట్టేది నేనేగా. గట్టి కాయ, మేలైన కాయ దాంట్లోకి పోద్ది. మిగతా వాటితో కలిసి అదే లారీలో మద్రాసు పోద్ది."

మేలైనది ఏరి పదో వంతుగా ఇవ్వడం దేవకుమారికి చిన్నప్పటి నుంచి నేర్పిన పనే. అందుకే ఆ రాత్రి ప్రార్థన సగంలోనే ఆపేసి పడుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ గుడి ముందు పందిట్లో కూర్చున్నారు. నాగూర్ వలి, జైతున్‌బీ కూడా వచ్చి చివర కూర్చున్నారు. తరుగు ఇవ్వొద్దని కుర్రవాళ్లు అన్నారు. మండీ మూసేస్తే ఎక్కడికి పోతామని పెద్దవాళ్లు అన్నారు. మాటా మాటా పెరిగింది. అప్పుడు దేవకుమారి లేచి పాస్టరు ఎలీషా వైపు తిరిగింది.

"అయ్యగారూ, నన్ను తప్పుగా అనుకోమాకండి. వానల్లేక చేను ఎండిన ఏడు దేవుడు నన్నేమీ అడగలా. మండీ అడిగింది. ఇది దశమభాగమేనా?"

పాస్టరు బైబిలు అట్ట మీద వేలు రాశాడు.

"ఇస్తే కానుకమ్మా," అన్నాడు. "లాక్కుంటే దానికి వేరే పేరుంది. ఆ పేరు నేనే ముందు చెప్పాల్సింది. చెప్పలా."

దానయ్య మోకాలికి కట్టు ఉంది. "అంతా బానే ఉంది గానీ, పత్తి ఇంట్లో ఆగుద్ది. మిరప ఏసీ గోడౌన్లో ఆగుద్ది. టమాటా ఎవరి కోసం ఆగుద్దిరా?" అన్నాడు.

అయినా తరుగు ఇవ్వొద్దని చేతులు లేచాయి. దానయ్య చెయ్యి కూడా లేచింది.

సోమవారం నాలుగు పల్లెల నుంచి అరవై కుటుంబాలు మండీకి వచ్చాయి. నాగూర్ వలి ట్రాలీని గేటుకు అడ్డంగా పెట్టాడు. తరుగు తీసేస్తామని రాసిస్తేనే పెట్టెలు దింపుతామన్నారు. జైతున్‌బీ ఏరే షెడ్డులోంచి బయటికొచ్చి వీళ్ల మధ్య కూర్చుంది. రేపటి నుంచి నీకు పని లేదని గుమాస్తా అక్కడి నుంచే కేకేశాడు.

మొదటి రోజు పాటలు పాడారు. రెండో రోజు పెట్టెలకు చెమట పట్టింది. మూడో రోజు అడుగు పెట్టెల్లోంచి రసం కారి ఈగలు ముసిరాయి. శ్రీకృష్ణ ఫ్యాను కింద కూర్చొని మజ్జిగ తాగుతున్నాడు. ఆయన తిట్టలేదు, బెదిరించలేదు. ఎదురు చూశాడంతే. ఎండ ఆయన తరఫున పని చేసింది.

ఆ ఎండలోనే జైతున్‌బీ దేవకుమారి భుజం పొడిచింది. "అక్కా, నా నాలుగు కాయలు ఎప్పుడిస్తావు?"

రెండేళ్ల కిందట వానాకాలంలో ధర ఆకాశానికి పోయింది. టమాటా పండించే ఊళ్లో, మండీ నుంచి తెచ్చుకునే జైతున్‌బీ ఇంట్లో తప్ప ఒక్క ఇంట్లోనూ టమాటా లేదు. మంచాన పడ్డ అత్త చారు అడిగితే దేవకుమారి జైతున్‌బీ దగ్గర నాలుగు కాయలు బదులు తీసుకుంది. తర్వాత కాయ చవకైంది. బంగారంలా ఉన్నప్పుడు తెచ్చుకొని పెంటలా ఉన్నప్పుడు తిరిగివ్వడం న్యాయమేనా అని వాయిదా వేస్తూ వచ్చింది. అదే చెప్పింది.

"నీ న్యాయం తగలెయ్య," అని నవ్వింది జైతున్‌బీ. చుట్టూ ఆడవాళ్లు కూడా నవ్వారు. ఆ మూడు రోజుల్లో అదొక్కటే నవ్వు.

మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. గేటుకు అడ్డం పెట్టిన బండి ఎవరిదని అడిగారు. "అందరిదీ," అన్నాడు దానయ్య. నాగూర్ వలి నాదేనని లేచాడు. అతన్ని జీపెక్కించారు. జీపు ముందు పడుకున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే ఎత్తి పక్కన పడేశారు. జీపు కదులుతుంటే అతను వెనక్కి తిరిగి, "పదో పెట్టె ఇయ్యమాకండి," అని మాత్రం అన్నాడు.

ట్రాలీని పక్కకు తోశాక వేలం మొదలైంది. ధర ఆటో కిరాయికి కూడా చాలదు. ఏం చేస్తారు? అమ్మారు. ఒక్కొక్కరే తొమ్మిది దింపారు. పదోది నెత్తికెత్తుకున్నారు. గుమాస్తా అడ్డం రాబోయాడు. అరవై నెత్తుల మీద పెట్టెలు చూసి ఆగిపోయాడు. పోనివ్వమని శ్రీకృష్ణ చేత్తో సైగ చేశాడు. కుళ్లిన కాయే కదా.

మెడల మీదుగా రసం కారుతుండగా అందరూ స్టేషన్‌కు నడిచారు. దారిలోనే దేవకుమారికి ఫోనొచ్చింది. ఎకరాన్ని వేరేవాళ్లకు మాట్లాడానని ఆసామి చెప్పాడు. ఆమె సరేనంది. పెట్టె సర్దుకొని నడిచింది.

స్టేషన్ గేటు వేసుంది. గోడ పొడుగునా పెట్టెలు పేర్చి వాటి ముందే కూర్చున్నారు. వలిని వదిలేదాకా కదిలేది లేదన్నారు. సోమవారం మళ్లీ కోత ఉందని, ఆ రోజు కూడా తొమ్మిదే దింపుదామని దానయ్య ఎవరితోనో అంటున్నాడు.

జైతున్‌బీ గేటు ఊచలు పట్టుకొని లోపలికి చూస్తోంది. దేవకుమారి తన పెట్టెలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికింది. పైవన్నీ చితికి ఉన్నాయి. అడుగున గట్టివి మూడు దొరికాయి. నాలుగోదానికి చాలాసేపు పట్టింది. పమిటతో తుడిచి, నాలుగూ జైతున్‌బీ చేతుల్లో పెట్టింది.

జైతున్‌బీ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది. కళ్లు నిండాయి.

"నావి ఇంకొంచెం పెద్దయి," అని, కొంగున ముడేసుకుంది.